నల్లా తాళంచెవి నాకివ్వలేదు

మొన్న చైతన్యపురిలో మా చెల్లెలు నడిపే ఆడపిల్లల హాస్టల్‌కు వెళ్ళాను. గోడ దూకి సినిమాకు పోయి దొరికిన పిల్లను తిట్టకుండా పిలిచి, మా చెల్లెలు స్టోరురూము తాళాలు దాని చేతిలో పెట్టింది. దాచడమెందుకు, ఈ వయసులోనూ నాకు కడుపు మండింది.

కిరాయి ఇళ్ళలో పెరిగిన మీకు చెప్పాలా, దిల్‌సుఖ్‌నగర్ వెనక మా లోగిలిలో అన్ని వాటాలకూ ఒకటే నల్లా, దినం విడిచి దినం సాయంత్రం కాసేపే నీళ్ళు, బిందెల దగ్గర జుట్లు పట్టుకోవడాలు, అందుకని ఓనరమ్మ దానికి తాళం వేయించింది. నాన్న పోయాక పోచంపల్లి విడిచి వచ్చిన అమ్మ చీరల దుకాణంలో పనిచేసి చీకటిపడ్డాక ఇల్లు చేరేది. చెల్లెలేమో బడి ఎగ్గొట్టి టాకీసుల చుట్టూ తిరిగేది, ఏదో ఒకరోజు ఇక ఇంటికే రాదని అమ్మ అన్నం ముందు కూర్చుని ఏడ్చేది. నేను క్లాసులో ఫస్టు.

అలాంటిదాని చేతిలో ఓనరమ్మ నల్లా తాళంచెవి పెట్టింది! "నువ్వు రాకుంటే ఎవ్వలింట్ల పొయ్యి ఎలగది" అని ఒక్కటే మాట. మొదటిరోజు అది రానేలేదు. ఓనరమ్మ దగ్గర మారు తాళంచెవి ఉన్నా తీయలేదు, అందరూ ఖాళీ బిందెలు వరసలో వదిలేసి లోపలికి పోయారు. చీకట్లో వచ్చి ఆ బిందెలు చూసిన చెల్లెలు, పక్క వీధి బోరింగు కొట్టి ఇంటింటికీ నీళ్ళు మోసింది. ఆ తర్వాత నల్లా వేళకు ఎన్నడూ తప్పలేదు. పక్కవాటాలో ఉండే, మేం అత్తా అని పిలిచే క్రైస్తవులావిడ దాన్ని కూర్చోబెట్టి అన్నం పెట్టి, ఇయ్యాల బడిల ఏం చెప్పిన్రని అడిగేది. మెల్లమెల్లగా, ఆమెకు చెప్పడానికైనా చెల్లెలు బడికి పోసాగింది.

నేను కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. తెగించి ఒక్కరోజు తాళంచెవి నాకిమ్మంటే, "నీకేంది బిడ్డా, బంగారమసొంటి పిల్లవు, పోయి సదువుకో" అని నవ్వింది ఓనరమ్మ. ఉద్యోగంలో చేరినా, మా ఆయన పోయినా నాకు అందరూ అదే చెప్పారు, నీకేంది అని. దేనికైనా పెట్టి పుట్టాలి.

ఇప్పుడు ఎల్బీ నగర్ దాకా ఏ ఇంట్లో నల్లా తిప్పినా నీళ్ళే, ఒకరి రాక కోసం ఇంకొకరి బిందె ఎదురుచూసే పనే లేదు. ఆ రోజులు నావి కాకపోయినా వాటి మీదే బెంగ.

మొన్న ఆ తాళాలు చేతులు మారుతుంటే, మూలన పుస్తకం పట్టుకున్న ఒక పిల్ల కన్నార్పకుండా చూస్తోంది. ఎవరని అడిగితే, "ఫస్టొస్తది అక్కా, దానికేంది" అంది చెల్లెలు.

లేచి వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుని, తిన్నావా అని అడిగాను. అంతే, బావురుమంది.