గుంటూరు గచ్చు, నాంపల్లి గచ్చు

కింద కుట్టుమిషన్లు, పైన కాపురం. నాంపల్లి సందులో పాత డంగుసున్నపు ఇల్లు కొన్నప్పుడు మేం వేసుకున్న పథకం అది. ముందు గది గుమ్మం మీద సున్నంతో ఉబ్బెత్తుగా తీర్చిన రెండు చిలకలున్నాయి. ఇంటికి వంకలెన్ని ఉన్నా, నేను ఆ చిలకల్ని చూసే సరేనన్నాను. మా దుకాణానికి అవే గుర్తనుకున్నాను.

మేస్త్రీ యాదగిరికి ఫోనులో చెప్పాను: "బరువైన మిషన్లు వస్తాయి. ముందు గదిలో గచ్చంతా తీసేయండి." పని చూడటానికి గురువారం తెల్లవారుతుండగా గుంటూరులో రైలెక్కాను. కిటికీ పక్క సీటు, డబ్బాలో పులిహోర. ఖమ్మం దాకా మహారాణిలా కూర్చున్నాను.

తొమ్మిదింటికి యాదగిరి ఫోను. "మేడం, మూడు గోడల గచ్చు గీకినం. పన్నెండు కొట్టేవరకు చిలకలు సుత తీసేస్తం. ఫికర్ జెయ్యకున్రి."

"చిలకలెందుకయ్యా? నేల కదా!" అనేలోపే లైను పోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. ఎదుటి సీటులోని కాజీపేట ఆవిడ సంగతంతా విని తల పట్టుకుంది. "గట్లెట్ల చెప్పినవక్కా? మీ దిక్కు గచ్చంటే నేల. ఈడ సున్నం పనోళ్లకు గచ్చంటే గోడకు పూసిన సున్నం."

ఇక పులిహోర గొంతు దిగలేదు. కాజీపేటలో ఆవిడ దిగిపోయాక మొత్తం తిన్నాను.

రెండింటికి సికింద్రాబాద్. అబిడ్స్ బస్సెక్కి, ఆడవాళ్లకు ఉచితమే కదా అని ధీమాగా ఆధార్ చూపాను. కండక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది ఆంధ్రది. ఈడ ఫ్రీ నడ్వది. టికెట్ తీస్కో అమ్మా." మా వైపు నుంచి వెళ్లే ఆడవాళ్లు చిల్లర దగ్గర ఉంచుకోండి. పెద్ద పోస్టాఫీసు దగ్గర దిగేసరికి మూడయింది. అక్కడి నుంచి ఇంటిదాకా పరుగులాంటి నడక నడిచాను.

గుమ్మం మీద చిలకల్లేవు. రెండూ గోనెసంచి మీద పడుకుని ఉన్నాయి. ఎడమదానికి తల లేదు. నేల మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

"గచ్చంతా తీయమన్నది మీరే గద మేడం," యాదగిరి బిక్కమొహం వేశాడు. "ఏడ్వకున్రి. మల్ల పెడ్త."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. సున్నంలో బెల్లం నీళ్లు కలిపి, వెనక ఇనుప తీగ బిగించి, ఆరింటికల్లా రెంటినీ గుమ్మమెక్కించాడు. ఎడమదానికి కొత్త తల కూడా చేశాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూశాను. ఒళ్లు చిలకది, తల కోడిది. ఏడ్చిన మొహంతోనే పకపకా నవ్వాను. గచ్చంటే మా ఊళ్లో ఏమిటో నేల మీద కాలితో తట్టి మరీ చూపించాను.

స్టేషను దగ్గర లాడ్జిలో దిగాను. గది శుభ్రం, టీ మాత్రం వట్టి నీళ్లు. మర్నాడు మధ్యాహ్నం తిరుగు రైలు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేయించి చూడమనలేదు, వాళ్లకు మనమీద ఆ మాత్రం దయ ఉంది.

భువనగిరి దాటాక ఫోను మోగింది. "మేడం, నేల తవ్వుడు షురూ జేసినం." ప్రాణం లేచొచ్చింది. "ఇంకో మాట. చిలకలు జోడు కుదుర్తలేవు. మంచిగున్నదాని తల సుత తీసి, గసొంటి తలనే పెట్టాల్నా?"

"ముట్టుకోవద్దు!" అని అరిచాను. పక్కాయన ఉలిక్కిపడి కిటికీ మీంచి చెయ్యి తీసేశాడు. ఫోను కట్టయింది. ఆ ఒక్క మాటకైనా గుంటూరులోనూ నాంపల్లిలోనూ ఒకటే అర్థం ఉండేలా చూడమని ప్రభువును వేడుకుంటూ ఇల్లు చేరాను.