జక్రయ్య మాస్టారి వాన పుస్తకం

సైన్సు చెప్పే జక్రయ్య మాస్టారు రోజూ పొద్దున ఎనిమిదింటికి బడి ఆవరణలోని వానమాపకం ముందు ప్రార్థన చేసినంత భక్తిగా వంగి, పడ్డ వాననూ పడని వాననూ పుస్తకంలో రాస్తారు. బొగ్గు పొగ, పెట్రోలు పొగ దుప్పటిలా కప్పి భూమిని వేడెక్కిస్తున్నాయనీ, ఇక వానలు పాత లెక్క వినవనీ పదో తరగతికి చెప్పిందీ ఆయనే. ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో మబ్బు పట్టగానే మిరప రైతు వీరమ్మ పరుగెత్తుకొచ్చింది. "మాస్టారూ, మిరపకాయలు కళ్లంలో ఎండుతున్నాయి. కుప్పేసి పట్టా కప్పమంటారా?" ఆయన గంభీరంగా పుస్తకం తిరగేశారు. "ఇరవై ఏళ్లలో ఫిబ్రవరిలో చుక్క పడలేదమ్మా. ఎండనీ." సాయంత్రానికి కాయలు నీళ్లలో తేలాయి. మర్నాడు ఆయన వాన కొలుస్తుంటే వీరమ్మ గంపెడు తడికాయలు తెచ్చి ముందు కుమ్మరించింది. "ఏడాది కష్టమండీ! రంగంతా పోద్ది, ఇక సగం ధర కూడా రాని తాలుకాయలే. ఇంకా ఏం రాస్తారు?" మాస్టారు తలెత్తలేదు. "నలభై మిల్లీమీటర్లు. వచ్చే ఏడు ఎవరైనా అడిగితే చెప్పాలిగదమ్మా."