తెర మీది చుక్క

అమలాపురంలో ఒక పిల్లల ఆసుపత్రి. డేటాబేసులోని మందుల మోతాదులను నర్సులకు తెర మీద చూపించే ఫారం నాగసతీష్ తయారుచేసిందే. అయినా రోజూ వార్డుకు వచ్చి, వాళ్ళ వెనుక నిలబడి, చొక్కా గుండీ తిప్పుకుంటూ అంకెలు చదువుకుంటాడు. "మీరు చేసిందే కదండీ, మీకే నమ్మకం లేదా?" అని నర్సులు నవ్వుతారు.

నిన్న కొత్త నర్సు షైనీ చిన్న గ్లాసులోకి సిరప్పు వంపుతోంది. తెర మీద 2.5 అని ఉంది. గ్లాసు నిండుతోంది. "ఎంతండీ అది?" అన్నాడు వెనుక నిలబడ్డ నాగసతీష్. "ఇరవై అయిదండీ." "మధ్యలో చుక్క ఉంది కదండీ!" "ఆయ్... ఈగ రెట్టనుకున్నానండీ." మంచం మీద పాప అప్పటికే నోరు తెరిచింది. అతను గ్లాసు లాక్కున్నాడు. సాయంత్రానికి ఫారంలో అంకె పక్కన 'రెండున్నర' అని అక్షరాల్లో కనబడింది. ఇవాళ మళ్ళీ వచ్చి షైనీ వెనుక నిలబడ్డాడు. "పైకి చదవండి." "రెండున్నరండీ." "మరోసారి." గుండీ ఎప్పుడో ఊడిపోయింది. దారం తిప్పుకుంటున్నాడు.