బతికున్న సున్నా

ఆగండిగారికి భయం. దేనికండీ అంటే, కరెంటుకి. కరెంటు ఉంటే భయం, లేకపోతే ఎక్కడో నక్కి ఉందేమోనని ఇంకా భయం. ఎవరు ఏ తీగ మీద చెయ్యి వేయబోయినా "ఆగండి!" అని గావుకేక పెట్టేవాడు. దాంతో ఆయన అసలు పేరు ఆఫీసులో అందరూ మర్చిపోయారు.

చొక్కా జేబులో టార్చిలైటు బ్యాటరీ ఒకటి ఎప్పుడూ ఉండేది. ఏ తీగలో కరెంటు ఉందో లేదో మీటరుతో చూడాలన్నా ముందు ఆ మీటరును ఈ బ్యాటరీకి ముట్టించేవాడు. తీగను చూశాక మళ్లీ ముట్టించేవాడు.

"మీటరుకి మాత్రం ఒంట్లో బాగోకపోవడం ఉండదేంటి?" అనేవాడు.

ఇంట్లోనూ అదే వరస. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టబోతే భార్య చెయ్యి గాల్లో ఆగిపోవాల్సిందే. "ఏదో ఒకరోజు నన్ను కూడా బ్యాటరీకి ముట్టించి చూస్తార్రా మీ బావ!" అని ఆవిడ తమ్ముడి దగ్గర మొత్తుకునేది.

ఆ తమ్ముడే బావ దగ్గర పనిలో చేరాడు. అంతకుముందు ఇళ్లకు వైరింగు చేసేవాడు. ఫ్యాన్లూ మోటార్లూ బిగించి చెయ్యి తిరిగినవాడికి బావను చూస్తే నవ్వాగేది కాదు. దానికి తోడు క్యాంటీన్ నిండా బావ భయం కథలే. ఒకసారి నట్లు బిగించే వేళకు కడుపునొప్పంటూ పని ఆపేశాడట. ఇంకోసారి కళ్లు తిరుగుతున్నాయని, బిగించినవన్నీ విప్పించేశాడట.

ఆ రోజు ఫోన్లూ నెట్టూ నడిపే యంత్రాల గదిలోకి కొత్త ర్యాకు వచ్చింది. నిలువెత్తు ఇనుప చట్రం, అందులో అరలు అరలుగా యంత్రాలు. వాటికి కరెంటు పక్కగదిలోని పెద్ద బ్యాటరీల నుంచి వస్తుంది. ఒకటి పోయినా రెండోది ఆదుకోవాలని ప్రతి యంత్రానికీ రెండు దారులు. ఆ రెండూ ఆపి తీగలు బిగించడం బావమరిది పని.

"ఉంగరం తియ్యి," అన్నాడు బావ.

"రాదు బావా, బిగుసుకుపోయింది."

బావ చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్లి, సబ్బు రాసి ఊడదీసి, బ్యాటరీ పక్కన జేబులో వేసుకున్నాడు.

"ఇళ్లలో కరెంటు వేరు, ఇది వేరురా. ఇక్కడ ప్లస్సు సాధువు, భూమికి కట్టేసి ఉంటుంది. కరిచేది మైనస్సు. స్పానరో ఉంగరమో దానికీ ఈ ఇనుముకీ ఒక్కసారి తగిలిందా, బ్యాటరీల బలమంతా నీ చేతిలో మంటై లేస్తుంది. వేళ్లు పోతాయి, కళ్లు పోతాయి."

"అంత భయమైతే ఇంటికెళ్లు బావా, నేను చూసుకుంటా," అని బావమరిది నవ్వాడు. స్విచ్చి ఆపాడు. మీటరు పెట్టాడు. "సున్నా!" అని ప్రకటించి స్పానరు అందుకున్నాడు.

"ఆగు! ఏ సున్నా?"

"సున్నాలో రకాలుంటాయా బావా?"

"ఉంటాయి. చచ్చిన సున్నా, బతికున్న సున్నా." బావ వణికే చేత్తో బ్యాటరీ తీసి మీటరు ముట్టించాడు. అక్కడా సున్నానే. "పొద్దునే కొన్న బ్యాటరీరా ఇది. దీన్ని కూడా చచ్చిందంటోంది నీ మీటరు."

బావమరిది మీటరు మీది మీట వంక చూశాడు. పాత అలవాటు కొద్దీ ఇళ్ల కరెంటు వైపు తిప్పి ఉంచాడు. ఆ వైపున ఉంటే దానికి ఈ కరెంటు కనపడదు. బావ మీట తిప్పి మళ్లీ తీగ మీద పెట్టాడు. యాభై నాలుగు వోల్టులు. తీగ బతికే ఉంది. బావమరిది స్విచ్చి ఆపింది ఒక దారికే, రెండో దారి మాటే మర్చిపోయాడు.

అతని చేతిలోని స్పానరు ఆ తీగకు బెత్తెడు దూరంలో ఉంది. దాన్ని కింద పెట్టడానికి కూడా చెయ్యి రాలేదు. బావే ఒక్కో వేలూ విప్పి తీసుకున్నాడు. విచిత్రంగా ఇప్పుడు ఆయన చెయ్యి వణకలేదు.

సరిగ్గా అప్పుడే ఆఫీసరు మేడమ్ వచ్చింది. "ఇంకా మొదలే పెట్టలేదా? ఏమైంది?"

బావమరిది చేరి నెలైనా కాలేదు, ఉద్యోగం ఊడినట్టే.

"నాకే మేడమ్, చెమటలు పట్టేశాయి. మళ్లీ మొదట్నుంచీ చూద్దామన్నాను," అన్నాడు బావ సిగ్గుపడుతూ.

"మీరు మారరండీ!" అని ఆవిడ నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

పక్క వరసలో పనిచేస్తున్న కేబుల్ మేస్త్రీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ కడుపునొప్పి కథ విన్నావుగా? ఆ రోజు ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసింది నేను."

"మరి కళ్లు తిరగడం?"

"అది మేడమ్. అప్పటికింకా ఆఫీసరు కాలేదులే."

బావమరిదికి నవ్వు రాలేదు. క్యాంటీన్‌లో తాను పొట్ట పట్టుకుని నవ్విన కథలన్నీ ఒక్కటొక్కటిగా గుర్తొచ్చి సిగ్గేసింది. రెండు దారులూ ఆపి, బ్యాటరీకి ముట్టించి, తీగ చూసి, మళ్లీ ముట్టించి, అప్పుడు నట్టు బిగించాడు.

కొన్నాళ్లకు ఇంకో ర్యాకు వచ్చింది. ఈసారి మేస్త్రీ, స్విచ్చి ఆపకుండానే తీగ కొసకు చుట్టిన టేపు విప్పబోయాడు. "ఆగండి!" అని బావమరిది గావుకేక పెట్టాడు. మేడమ్ గుమ్మంలోంచి తొంగి చూసి ఏమైందని అడిగింది.

బావ నోరు తెరిచేలోగానే బావమరిది తన జేబులోంచి బ్యాటరీ తీశాడు. "నాకే మేడమ్, కాళ్లు వణికాయి."

ఆవిడ వెళ్లగానే బావ అతని చెవి పట్టుకుని మెలిపెట్టాడు.

"ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న చెడ్డపేరురా! మధ్యలో వచ్చి కొట్టేద్దామనా?"