పక్కింటి అక్క నాగజెముడు

నా చిన్నప్పుడు కోడంబాక్కంలో మా పక్కింటి అక్క కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. వాళ్ల వరండాలో మట్టి మూకుడులో జానెడైనా లేని నాగజెముడు ఒకటి ఉండేది. మంచు కురిసే దేశం నుంచి ఆమె గురువుగారు తెచ్చి ఇచ్చారట. అక్కడి చలికాలంలో అది తనలోని నీరు తగ్గించుకుని, ముడతలు పడి, చచ్చినట్టు నేలకు వాలిపోతుందనీ, ఎండలు రాగానే మళ్లీ లేస్తుందనీ అక్క చెప్పేది. తాకితే మాత్రం ముక్కలు ఊడిపోతాయని మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు.

ఒక ఆదివారం అక్క బజారుకు వెళ్లినప్పుడు దాన్ని ముట్టుకున్నాను. రెండు ముక్కలు ఊడి నా చేతికి అంటుకున్నాయి. విదిలించి, బట్టలుతికే రాయి వెనక పడేసి ఇంటికి పరిగెత్తాను. కాసేపటికి అక్కవాళ్లమ్మ పిలిచి అడిగింది. ఊడుస్తుంటే వాళ్లింటి పనామె చీపురు తగిలిందని చెప్పేశాను. తాను కాదని పనామె రెండుసార్లు చెప్పింది. ఎవరూ వినలేదు. రేపటి నుంచి రావొద్దన్నారు.

మధ్యాహ్నం అన్నం కలపబోతే వేళ్లు భగ్గుమన్నాయి. కంటికి ఆనని నూగు ముళ్లు. ఆకలి లేదని చెయ్యి దాచుకుంటుండగానే అక్క మా ఇంట్లోకి వచ్చింది. ఆమె నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చిన్న పట్టకారులాంటి శ్రావణంతో ఒక్కొక్క ముల్లే తీయసాగింది. ఏమీ అడగలేదు. చివరికి నేనే చెప్పాను.

“తెలుసు పాపా. ముక్కలు రాయి వెనక దొరికినాయి, చేత్తో పట్టుకోకుండా ఆడికి పోవు. పనిచేసే ఆయమ్మ ఇంటికి పోయి చేతులు చూసొచ్చినా. ఒక్క ముల్లు గూడా లేదు. నువ్వే పోయి చెప్పు. నేను రైలు పట్టాలకు ఈ పక్కన నిలబడుంటా.”

రైలు పట్టాలు దాటి పనామె గుమ్మం ముందు నిలబడ్డాను. అబద్ధం చెప్పానన్నాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

“ఇరగ్గొట్టి అబద్ధమాడిందని పేరు పడితే నన్ను ఇంకే ఇంట్లో పెట్టుకుంటారు పాపా?”

తిరిగొచ్చి అక్కవాళ్లమ్మ దగ్గరా ఒప్పుకున్నాను. ఆమె తానే వెళ్లి పనామెను పిలుచుకొచ్చింది. ఊడిన ముక్కల్ని అక్క నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి ఇసుకలో గుచ్చితే, కొన్నాళ్లకు వేళ్లు దిగాయి.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఇంట్లో ఏం పోయినా, ఏం పగిలినా, అక్కడ ఎవరి మాట చెల్లదో ఆ మనిషిని ముందు కూర్చోబెట్టి, చెప్పేదంతా చివరిదాకా వింటాను.