కళ్ళు మూసుకుని కొనే బాబాయి

మా బాబాయి వాకీటాకీలను కళ్ళు మూసుకుని కొంటాడు. మాటవరసకు కాదు, నిజంగానే రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని.

ఆయన హామ్ రేడియో మనిషి. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, గాలిలో ఊరూరివాళ్ళతో కబుర్లాడే సరదా అది. అందరూ కొత్త సెట్లు కొనుక్కుంటుంటే, ఈయన మాత్రం హోటళ్ళవాళ్ళూ సెక్యూరిటీవాళ్ళూ వాడి వదిలేసిన డిజిటల్ సెట్ల కోసం పాత సామాన్ల కొట్లన్నీ గాలించేవాడు.

ఓసారి నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. కొట్టతను బల్ల మీద అయిదారు సెట్లు పరిచాడు. బాబాయి కళ్ళు మూసుకుని ఒక్కోదాన్నీ తడిమి, పైనున్న ఛానెళ్ళు మార్చే గుండీ తిప్పి, "టక్కుమనట్లేదు, వద్దు" అంటూ పక్కన పెట్టేస్తున్నాడు.

"సార్, స్క్రీను చూడండి. ఒక్క గీత లేదు!"

"స్క్రీనుతో నాకేం పనయ్యా?"

కొట్టతను నా చెవి దగ్గరకొచ్చి, "పెద్దాయనకి ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

చివరికి మూల పగిలిన సెట్టొకటి నచ్చింది. గుండీ తిప్పినప్పుడల్లా టక్కుమని, ఛానెల్ నంబరు పైకి చదివింది. బాబాయి మొహం వెలిగిపోయింది.

ఇంటికి తెస్తే పిన్ని నెత్తి కొట్టుకుంది. "కొనేటప్పుడైనా కాస్త కళ్ళు తెరవొచ్చుగా!"

"నిన్ను చేసుకున్నప్పుడు తెరిచే ఉంచానుగా."

"అందుకేనా అప్పట్నుంచీ మూసేశారు?"

ఆ ఆదివారం నన్నూ పిన్నినీ ఒక పెద్దావిడ ఇంటికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. రిటైరయ్యాక చూపు పోయింది. పాఠాలు చదివించుకుని విని, హామ్ పరీక్ష పాసైంది. తీరా కొన్న కొత్త సెట్టులో ప్రతిదీ స్క్రీను మీద వెతుక్కోవాల్సిందే. "ఇది నాలాంటివాళ్ళకి కాదులెండి" అని దాన్ని బీరువాలో పెట్టేసింది.

బాబాయి ఆవిడ చేతిలో పాత సెట్టు పెట్టాడు. కంప్యూటరుకు తగిలించి, పాత ఛానెళ్ళు తీసేసి, హామ్‌వాళ్ళవి ముందే ఎక్కించి ఉంచాడు. ఆవిడ గుండీ తిప్పింది. "రెండు" అంది సెట్టు. మీట నొక్కి, లైసెన్సులో తనకిచ్చిన పిలుపు గుర్తు చెప్పింది.

జవాబు లేదు. మళ్ళీ చెప్పింది. ఆవిడ మొహం చిన్నబోతోంది. పిన్ని పక్కకు తిరిగి చూస్తే బాబాయి లేడు.

ఇంతలో సెట్టు దద్దరిల్లింది. కిటికీలోంచి చూస్తే వీధి చివర బాబాయి, తన సెట్టు పట్టుకుని, పరుగుతో రొప్పుతూ, సంతోషం పట్టలేక అరుస్తున్నాడు.

ఆవిడ నిటారుగా కూర్చుంది. గొంతులోకి పాత ఉద్యోగం వచ్చేసింది.

"బాబూ, మైకు నోట్లో పెట్టుకుని అరవకండి. నెమ్మదిగా చెప్పండి, వింటున్నాను."

పిన్ని కుర్చీ దగ్గరగా లాక్కుంది.

"అమ్మా, ఆ ముక్క ఆయనకి ఇంకోసారి చెప్పండి."