ఫిల్టర్ డబ్బా మీది మార్కులు

బజారులోకి రంగురంగుల విదేశీ డబ్బాలు కొత్తగా వస్తున్న రోజులు. గుడియాత్తంలో తాపీపని మాని టాక్సీ కొన్న మా బావ, ఆయిల్ ఫిల్టర్ కోసం నన్ను వేలూరు తీసుకెళ్లాడు. మా తాపీవాళ్ల ఇళ్లలో అప్పట్లో ఇంగ్లీషు చదివేది నేనొక్కణ్ణే. ఒక డబ్బా మీద మట్టిని తొంభై ఐదు శాతం ఆపుతుందని, ఇంకోదాని మీద తొంభై తొమ్మిదని రాసుంది. మార్కులెక్కువని రెండోదే ఇప్పించాను. ఆ తర్వాతా బావ అదే వాడాడు.

రెండేళ్లకే ఇంజన్ అరిగిపోయింది. మెకానిక్ డబ్బా మీది చిన్న అక్షరాలు నాచేతే చదివించాడు. ఆ తొంభై తొమ్మిది ముతక మట్టికేనట, సన్నది దూరిపోతుందట. నా తెలివీ ముతకదే.

"పూతకి ఇసుక పట్టేటప్పుడు జల్లెడ కన్ను చూస్తావు గదప్పా, దీనికి చూడలేదా?" అన్నాడు బావ మెల్లగా.

టాక్సీ అమ్మి మళ్లీ తాపీ పట్టాడు. ఇప్పుడు ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా, మా గుమ్మం ముందు నుంచే, చదివించుకోడానికి పక్కింటి కుర్రాడి దగ్గరికి తీసుకెళతాడు.